శరణు కోరి వచ్చినవారి ధర్మాన్ని గురించి మనం మాట్లాడే తీరు



రమజాన్ మాసం దగ్గరపడే కొద్దీ జకాత్, ఫిత్రాలను గురించిన మస్‌అలాలు అడిగేవారు పెరుగుతారు. ఇది సంతోషించదగిన విషయమే. అయితే కొన్ని సంవత్సరాలుగా వాటి మధ్య మరొక తరహా ప్రశ్న మాకు వినిపిస్తున్నది. హైదరాబాదులోని బాలాపూర్ పరిసరాలలో గుడిసెలు వేసుకొని బ్రతుకుతున్న రోహింగ్యా శరణార్థుల కొరకు చందా అడిగితే, కొందరు "ఎంత ఇవ్వాలి?" అని అడగడం లేదు. "వారి దీన్ సరియైనదేనా మౌలానా? వారి అఖీదా ఏమిటి? వారి ఆడవారు పర్దా పాటిస్తారా?" అని అడుగుతున్నారు. ఇలా అడిగినవారు ఫజర్ నమాజుకు ఎన్నడు వచ్చారో మేము తిరిగి అడగలేదు. కాని ఈ ప్రశ్న చిన్నది కాదు. ఇల్లు వాకిలి పోగొట్టుకొని వచ్చినవాని ధర్మాన్ని గురించి ఆశ్రయమిచ్చినవాడు ఎలా మాట్లాడాలి, ఎవరి మాట విని మాట్లాడాలి, ఎక్కడ నోరు కట్టుకోవాలి అన్నది షరీఅత్‌లో చోటున్న విషయమే. నేడు దానినే వివరించదలచాము.

ఈ విషయంలో మనకు మొదటి పాఠం మక్కాలో దొరకదు, మదీనాలోనూ దొరకదు. హబషా దేశంలో, ఒక క్రైస్తవ రాజు కొలువులో దొరుకుతుంది. నుబువ్వత్ ఐదవ సంవత్సరంలో, అంటే క్రీ.శ. 615 ప్రాంతంలో, ఖురైష్ హింసలను తట్టుకోలేని ముస్లింలు ప్రవక్త (స) అనుమతితో ఎర్రసముద్రం దాటి అక్కడికి చేరారు. మొదట పదిహేను మంది వరకు వెళ్ళారు. తరువాత వారి సంఖ్య ఎనభై దాటింది. ఆ రోజున శరణార్థులు మనము. ఆశ్రయమిచ్చినవారు వేరే ధర్మంవారు.

ఖురైష్ ఊరుకోలేదు. అప్పటికింకా ఇస్లాం స్వీకరించని అమ్ర్ బిన్ ఆస్‌ను, అబ్దుల్లాహ్ బిన్ అబీ రబీఆను దూతలుగా పంపారు. మక్కా తోళ్ళకు ఆ దేశంలో గిరాకీ ఎక్కువ. ఆ తోళ్ళు కానుకలుగా పట్టుకొని వారు మొదట రాజు దగ్గరకు కాక, మతాచార్యుల ఇండ్లకు వెళ్ళారు. ఒక్కొక్కరికి కానుక అందించి వారు కోరిన దేమిటో ఉమ్మె సలమా (రజియల్లాహు అన్హా) గారి కథనంలో వివరంగా ఉన్నది. రాజు శరణార్థులతో మాట్లాడకముందే వారిని అప్పగించేటట్లు సలహా ఇవ్వండి అన్నదే ఆ కోరిక. కారణంగా వారు చెప్పినది వచ్చినవారి మతమే. వీరు తమ పెద్దల మతం విడిచారు, మీ మతంలోనూ చేరలేదు, మీకూ మాకూ తెలియని కొత్త మతమొకటి కల్పించుకొన్నారు అని చెప్పారు. సోదరులారా, ఈ మాటలో ఉన్న నేర్పును గమనించండి. అందులో పూర్తిగా అబద్ధమైన వాక్యం వెతికితే దొరకడం కష్టం. పెద్దల మతం విడిచిన మాట నిజమే. క్రైస్తవంలో చేరని మాటా నిజమే. కాని చెబుతున్నది ఎవరు? వారిని తరిమినవారే.

నజాషీ రాజుకు కోపం వచ్చింది. నా దేశాన్ని, నా పొరుగును కోరి వచ్చినవారిని వారి మాట వినకుండా అప్పగించను అని చెప్పి వారిని పిలిపించాడు. మీ ధర్మం ఏమిటని వారినే అడిగాడు. జాఫర్ బిన్ అబీ తాలిబ్ (రజి) లేచి తమ పూర్వస్థితిని, ప్రవక్త (స) బోధను విన్నవించారు. మీ ప్రవక్త తెచ్చినదానిలో ఏమైనా నీ వద్ద ఉన్నదా అని రాజు అడిగితే సూరా మర్యమ్ తొలి భాగం పఠించారు. రాజు గడ్డం తడిసేటట్లు కన్నీరు కార్చాడని కథనం.

మనలో చాలామంది ఈ ఘట్టాన్ని ఇక్కడితో ఆపుతారు. అసలు పరీక్ష మరునాడు వచ్చింది. అమ్ర్ మళ్ళీ కొలువుకు వచ్చి, వీరు ఈసా (అలైహిస్సలామ్) ను గురించి చాలా పెద్ద మాట అంటారు, అడిగి చూడండి అన్నాడు. ఆశ్రయమిచ్చినవాని మనసు ఎక్కడ నొచ్చుతుందో చూసి అక్కడే వేలు పెట్టాడు. ముస్లింలు ఆ రాత్రి ఎంత కలవరపడి ఉంటారో ఊహించండి. నిజం చెబితే తల దాచుకొనే చోటు పోవచ్చు. అయినా తమ ప్రవక్త ఏమి తెచ్చారో అదే చెప్పాలని నిశ్చయించుకొన్నారు. ఈసా (అలై) అల్లాహ్ దాసుడు, ఆయన ప్రవక్త, కన్య మర్యమ్‌కు అందించిన ఆయన వాక్కు అని జాఫర్ (రజి) చెప్పారు. నజాషీ నేల మీది పుల్లనొకదానిని తీసి, మీరు చెప్పినదానికీ ఈసాకూ ఈ పుల్ల పాటి తేడా లేదన్నాడు. ప్రక్కనున్న మతాచార్యులు గుర్రుమన్నారు. ఆయన లెక్కచేయలేదు. దూతల కానుకలు తిరిగి ఇప్పించాడు.

ఆ రాజు మరణించినప్పుడు ప్రవక్త (స) మదీనాలో ఆయనకు జనాజా నమాజు చేయించారు. (గాయిబానా జనాజా విషయంలో మన హనఫీ ఇమాముల అభిప్రాయం వేరు. అది నేటి చర్చ కాదు.) ఎక్కడో పరదేశంలో పోయినవానికి, అతని ధర్మమేదో కూడా తెలియకుండా నమాజు ఏమిటని అప్పుడు కొందరు గొణిగారని తఫ్సీర్ గ్రంథాలలో ఉన్నది. ఆలి ఇమ్రాన్ సూరా చివరి ఆయత్‌లలో ఒకటి ఆ సందర్భంలోనే అవతరించిందని ముఫస్సిర్లు చెబుతారు. మనకు ఆశ్రయమిచ్చినవాని ఈమాన్ మీద కూడా అనుమానపు మాట పుట్టింది మన మధ్యనే.

ఈ వృత్తాంతాన్ని మన ప్రాంతంతో కలిపి చూద్దాము. ఈ పుస్తకం శ్రీముఖలింగం, జలుమూరు, హిరమండలం, నరసన్నపేట వైపు సోదరులకు కూడా చేరుతున్నది. శ్రీముఖలింగం వంశధార ఒడ్డున మధుకేశ్వరాలయం వెలసిన ఊరు. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం అదేనని చరిత్రకారులు అంటారు. అటువంటి చోట మన ఇళ్ళు వేళ్ళ మీద లెక్కించదగినన్ని. మన ధర్మాన్ని గురించి ఇతరులు మాట్లాడుతుంటే వినవలసిన స్థితి ఎటువంటిదో అక్కడివారికి మేము చెప్పనక్కరలేదు. రమజాన్‌లో పొలం గట్టు మీద కనిపించి "సాయిబుగారూ, మంచినీళ్ళు కూడా తాగరేటండి?" అని అడిగే పొరుగువాడు ఉన్నాడు. "మీవాళ్ళు ఇలాగట, అలాగట" అని ఎక్కడో విన్నది తెచ్చి మన మీద పోసేవాడూ ఉన్నాడు. మొదటివాడు నజాషీ చేసిన పనినే చేస్తున్నాడు. ఎవరి ధర్మమో వారినే అడుగుతున్నాడు. అతనికి విసుగులేకుండా జవాబు చెప్పడం మన బాధ్యత. రెండవవాడు ఎవరి దూతగా వచ్చాడో అతనికే తెలియదు.

ఇక బర్మా సంగతి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాల పెద్దలు రంగూన్‌ను "రంగం" అనేవారు. కరువు వస్తే రంగం, అప్పు తీర్చాలంటే రంగం. ఓడరేవులలో మూటలు మోసి, బియ్యపు మిల్లులలో పనిచేసి, రిక్షాలు లాగి ఇంటికి డబ్బు పంపినవారు మన తాతలే. వారిలో హిందువులూ ఉన్నారు, ముస్లింలూ ఉన్నారు. 1931 జనాభా లెక్కలనాటికి రంగూన్ నగరంలో సగానికి మించి భారతీయులే. అక్కడివారు తెలుగువారిని కోరంగి రేవు పేరుతో "కోరింగీ" అని పిలిచారు. ఏ రేవులో ఓడ ఎక్కినా, ఏ మతమైనా, అందరికీ అదే పేరు. పడమటి నుంచి వచ్చిన భారతీయులందరికీ కలిపి "కలా" అన్నారు. మొదట అది పరాయివాడిని గుర్తించే మాట. పోను పోను అది తిట్టయింది.

1930 మే నెలలో రంగూన్ రేవులోని తెలుగు కూలీలు సమ్మె చేశారు. వారి స్థానంలో బర్మా కూలీలను పెట్టుకొన్నారు. సమ్మె ముగియగానే ఆ బర్మా కూలీలను తీసివేశారు. అల్లర్లు చెలరేగి ఎందరో తెలుగు కూలీలు చనిపోయారు. అప్పటికి తగాదా కూలి గురించి, తిండి గురించి. ఎనిమిదేళ్ళు గడిచేసరికి అదే కోపం మతం గురించి మాట్లాడసాగింది. 1938 జూలైలో, ఒక ముస్లిం రచయిత పుస్తకంలో బౌద్ధాన్ని కించపరిచే రాతలున్నాయని పత్రికలు ప్రకటించగా రంగూన్‌లో నిరసన సభ జరిగింది. అక్కడి నుంచి దొమ్మీలు పుట్టి దేశమంతా ప్రాకాయి. ముస్లింలు, వారితో పాటు ఇతర భారతీయులు దెబ్బతిన్నారు. ఆ పుస్తకాన్ని ఎన్నడూ చూడని కూలీవాడు దాని మూలంగా దెబ్బలు తిన్నాడు. సూరా హుజురాత్ 6వ ఆయత్‌లో, నమ్మదగనివాడు వార్త తెస్తే నిజానిజాలు విచారించండి, తెలియక ఒక జనసమూహానికి హాని చేసి పిదప పశ్చాత్తాపపడతారు అన్న హెచ్చరిక ఉన్నది. 11వ ఆయత్‌లో ఎగతాళిని, చెడ్డ మారుపేర్లతో పిలవడాన్ని నిషేధించడం కనిపిస్తుంది. ఈ రెండూ ఒకే చోట ఎందుకున్నాయో రంగం వెళ్ళివచ్చినవారికి బాగా తెలుసు.

1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. తరువాతి నెలలలో నాలుగైదు లక్షల మంది భారతీయులు బర్మా విడిచారు. ఓడ దొరికినవారు ఓడలో వచ్చారు. దొరకనివారు అడవులు, కొండలు దాటి నడిచి వచ్చారు. దారిలో వేలమంది రాలిపోయారు. 1962లో సైనిక ప్రభుత్వం వచ్చి, 1964లో దుకాణాలను జాతీయం చేశాక మరి సుమారు మూడు లక్షల మంది తిరిగి రావలసి వచ్చింది. విశాఖపట్నంలో "బర్మా క్యాంపు" అన్న పేరు నేటికీ వాడుకలో ఉన్నది. అక్కడ కోరింగీలు, ఇక్కడికి వచ్చాక బర్మావాళ్ళు. సొంత భాష మాట్లాడేవారి మధ్యకు వచ్చినా వారి పేరు వారికి దక్కలేదు.

ఇప్పుడు బాలాపూర్‌కు వద్దాము. రోహింగ్యాలు బర్మాలోని అరకాన్ ప్రాంతంవారు. అరకాన్ పేరు ఇప్పుడు రఖైన్. 1982 పౌరసత్వ చట్టం వారిని ఆ దేశ పౌరులుగా గుర్తించిన జాతుల పట్టికలో చేర్చలేదు. అక్కడి అధికారులు వారిని రోహింగ్యాలు అనరు, "బెంగాలీలు" అంటారు. జనం "కలా" అంటారు. మన తాతలను పిలిచిన మాటే అది! 2012 అల్లర్ల తరువాత కొందరు, 2017 ఆగస్టు 25 తరువాత సైనిక చర్యకు తాళలేక ఏడు లక్షలకు పైగా ప్రజలు బంగ్లాదేశ్‌కు పారిపోయారు. కొన్ని వేలమంది హైదరాబాదు చేరారు. అక్కడ బెంగాలీలైనవారు ఇక్కడ "బర్మావాళ్ళు" అయ్యారు.

వారి ధర్మాన్ని గురించి మన దేశంలో రెండు వైపుల నుంచి మాట్లాడుతున్నారు. వారు ముస్లింలు కనుక ప్రమాదకారులు అనేది ఒక వైపు. ఈ మాటను ప్రసంగవేదికల మీద, టీవీలలో మీరు విని ఉంటారు. చట్టం కూడా శరణార్థి మతాన్ని పేరు పెట్టి చెప్పింది. 2019 పౌరసత్వ సవరణ చట్టం పాకిస్తాన్, బంగ్లాదేశ్, ఆఫ్ఘనిస్తాన్‌ల నుంచి 2014 డిసెంబరు 31 లోగా వచ్చిన హిందూ, సిక్కు, బౌద్ధ, జైన, పార్సీ, క్రైస్తవులను పేర్కొన్నది. ముస్లింల పేరు అందులో లేదు. బర్మా పేరూ లేదు, శ్రీలంక పేరూ లేదు. 1951 నాటి శరణార్థుల ఒడంబడికపై మన దేశం సంతకం చేయలేదు. న్యాయస్థానాలలో ఉన్న విషయాలను ఇక్కడ విప్పబోము. కాని మనిషి మతాన్ని బట్టి అతని కష్టాన్ని కొలవడం న్యాయం కాదన్నది మా అభిప్రాయం. ఆ కొలబద్ద తప్పని ఇతరులకు చెప్పేవారు దానిని తమ చేతిలోనూ పట్టుకోరాదు.

రెండవ వైపు మాట్లాడుతున్నది మనమే. మస్లక్ ఏది, అఖీదా ఏది అన్న ప్రశ్నలు మన నోటివి. తెలుసుకోగోరితే చెబుతున్నాము. రోహింగ్యా ముస్లింలు సాధారణంగా సున్నీలు, హనఫీ మస్లక్‌వారు, అనగా మన జిల్లాలలో అత్యధికుల మస్లకే. అరకాన్ నుంచి 2017లో పారిపోయినవారిలో హిందూ కుటుంబాలు కూడా ఉన్నాయి. కాని వారు హనఫీలు కాకపోతే ఆకలి వేయదా? సూరా నిసా 94వ ఆయత్ చూడండి. మీకు సలామ్ చెప్పినవానిని, నీవు విశ్వాసివి కావు అనవద్దని ఆజ్ఞ వచ్చింది. ఇంతకు మునుపు మీరూ అదే స్థితిలో ఉన్నారని ఆ వెంటనే గుర్తు చేసింది. యుద్ధంలో కలిమా పలికినవానిని, అది ప్రాణభయంతో పలికాడని భావించి చంపిన ఉసామా (రజి) ను, అతని గుండె చీల్చి చూశావా అని ప్రవక్త (స) ఎంత తీవ్రంగా అడిగారో మీరెరుగుదురు. అరబీ ఉచ్చారణ సరిగా లేదని, స్త్రీ కట్టిన బట్ట వేరుగా ఉందని ఒక కుటుంబం దీన్ మీద తీర్పు చెప్పేవాడు ఏ గుండెను చూసి చెబుతున్నాడు?

చదువుకున్న సోదరులొకరు ఇక్కడ ఆక్షేపణ తెచ్చారు. అది బలమైనదే. హిజ్రత్ చేసి వచ్చిన స్త్రీలను పరీక్షించండి అని సూరా ముమ్తహినా 10వ ఆయత్‌లో అల్లాహ్ స్వయంగా ఆదేశించాడు కదా, ఆ సూరా పేరే పరీక్ష కదా అన్నారు. నిజమే. కాని ఆ ఆయత్ వచ్చిన సందర్భం చూడాలి. హిజ్రీ 6వ సంవత్సరంలో హుదైబియా సంధి జరిగింది. మక్కా నుంచి పారిపోయి వచ్చినవారిని తిరిగి పంపాలన్నది అందులో ఒక షరతు. ఆ దశలో కొందరు విశ్వాస స్త్రీలు వచ్చి చేరారు. వారిని తిరిగి పంపడమంటే హింసకు అప్పగించడమే. అప్పుడు ఈ ఆదేశం వచ్చింది. పరీక్ష ఏమిటి? భర్త మీద కోపంతోనో, లోకలాభం కొరకో కాక అల్లాహ్ కొరకే వచ్చామని ప్రమాణం చేయడం. అంతే. వారి నమాజును ఎవరూ తప్పు పట్టలేదు, వారి వంశం అడగలేదు. వారి విశ్వాసాన్ని అల్లాహ్ బాగా ఎరుగును అని ఆ ఆయత్‌లోనే ఉన్నది. అనగా పరీక్షించేవాడు పై మాట వరకే వెళ్ళగలడని హద్దు గీసింది. ఆ తరువాత ఇచ్చిన ఆజ్ఞ, వారిని అవిశ్వాసుల వద్దకు తిరిగి పంపవద్దని. ఆ పరీక్ష వారిని కాపాడడానికి పెట్టినది. దానిని తలుపు మూయడానికి సాక్ష్యంగా తేవడం ఆయత్‌ను తలక్రిందులు చేయడమే.

మరొక పొరపాటు ప్రేమతో జరుగుతున్నది. కొందరు వక్తలు శరణార్థులను సహాబాలతో పోల్చి, వారి ఈమాన్ పర్వతమంత అని కన్నీళ్ళు పెట్టిస్తారు. డబ్బు వసూలవుతుంది. కాని ఆ మరునాడు బాలాపూర్ కుర్రవాడొకడు బీడీ కాలుస్తూ కనిపిస్తే, "వీరికేనా మనం ఇచ్చింది?" అంటారు. వలీలుగా ఉంటేనే అన్నం పెడతామనడం కూడా ఒక విధమైన షరతే.

ఇక మన ధర్మంవారు కాని శరణార్థుల సంగతి. ఇది మనకు దూరపు విషయం కాదు. వంశధార దిగివచ్చే ఒడిశా గజపతి జిల్లాలో, చంద్రగిరి వద్ద 1963లో టిబెట్ శరణార్థులకు స్థలమిచ్చారు. 1959లో దలైలామా భారతదేశానికి వచ్చాక ఆయన వెంట వచ్చిన వేలమందిలో వారొక భాగం. జీరంగ వద్ద వారు పెద్ద బౌద్ధ విహారం కట్టుకొన్నారు. చలికాలంలో మన పట్టణాలలో స్వెట్టర్లు అమ్మేవారిని మీరు చూసే ఉంటారు. వారిని మనవారు "నేపాలీలు" అంటారు, కొందరు "చైనావాళ్ళు" అని కూడా అంటారు. చైనా ఏలుబడిని తప్పించుకొని వచ్చినవానికి ఆ పేరు ఎలా తగులుతుందో ఆలోచించండి. వారి ధర్మాన్ని "బొమ్మల పూజ" అని రెండు ముక్కలలో తేల్చివేయడం మేము మస్జిద్ మెట్ల మీదనే విన్నాము. మన అఖీదాలో తౌహీద్ స్పష్టమైనది, దానిలో ఎటువంటి రాజీ లేదు. అయినా ఇతరులు మొక్కుకొనేవాటిని దూషించవద్దని సూరా అన్ఆమ్ 108వ ఆయత్ ఆజ్ఞ. శరణు కోరిన ముష్రిక్‌కు శరణిచ్చి, అల్లాహ్ వాక్కు వినిపించి, అతనికి భద్రమైన చోటికి చేర్చమని సూరా తౌబా 6వ ఆయత్ ఆదేశం. వినిపించమన్నది, ఒప్పుకుంటేనే చేర్చమని అనలేదు.

వారి మతం ఈ నేలకు కొత్తదీ కాదు. అదే వంశధార ఒడ్డున, కళింగపట్నం దగ్గర శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాల శిథిలాలు నేటికీ ఉన్నాయి. టిబెటన్లందరూ బౌద్ధులూ కారు. లాసాలో తరతరాలుగా ఉన్న టిబెటన్ ముస్లింలు తమ పూర్వులు కాశ్మీరువారని చెప్పుకొనేవారు. 1959 తరువాత వారిలో అనేకులు భారతదేశానికి వచ్చారు. వారి సంతతి శ్రీనగర్‌లో నివసిస్తున్నది. ముఖం చూసి మతం చెప్పగలమనుకొనేవారు వారి మస్జిద్‌లో ఒక పూట నమాజు చేసి రావాలి.

మదీనాలో కూడా ఆశ్రయమిచ్చినవారి నోటి మాట ఒకసారి చెడింది. ముస్తలిఖ్ దండయాత్రలో నీళ్ళ దగ్గర ఒక ముహాజిర్, ఒక అన్సారీ తగవులాడుకొని, ఒకరు అన్సార్‌ను, ఒకరు ముహాజిర్లను కేకవేశారు. రెండూ ఖుర్ఆన్ ప్రశంసించిన పేర్లే. అయినా ఆ కేకను దుర్గంధమని ప్రవక్త (స) మందలించారు. ఆ అదను చూసి అబ్దుల్లాహ్ బిన్ ఉబయ్ అన్న మాటలు సూరా మునాఫిఖూన్ 7, 8 ఆయత్‌లలో ఉన్నాయి. మొదటిది, ప్రవక్త వద్ద ఉన్నవారికి ఖర్చు చేయడం మానండి, వారే చెదరిపోతారు అని. చందా ఇవ్వవద్దన్నవాని మాటను అల్లాహ్ ఏ సూరాలో, ఎవరి నోట పెట్టి భద్రపరిచాడో చూడండి.

చివరగా అడిగిన మస్‌అలాకు జవాబు. పేద ముస్లిం శరణార్థికి జకాత్ చెల్లుతుంది. సూరా తౌబా 60వ ఆయత్‌లోని ఎనిమిది వర్గాలలో ఫఖీర్, మిస్కీన్, ఇబ్నుస్సబీల్ ఉన్నారు. విచారించవలసింది అతని పేదరికాన్ని మాత్రమే. దానికి కూడా అతని మాట, అతని స్థితి చాలు. ముస్లిం కాని శరణార్థికి జకాత్ ఇవ్వరాదని మన ఫుఖహాల నిర్ణయం. నఫిల్ సదఖా నిస్సంకోచంగా ఇవ్వవచ్చు. ముస్లింలు కాని బంధువులకు దానమివ్వడానికి కొందరు సహాబాలు వెనుకాడినప్పుడే, వారిని సన్మార్గానికి తేవడం నీ బాధ్యత కాదన్న సూరా బఖరా 272వ ఆయత్ అవతరించిందని ఇబ్నె అబ్బాస్ (రజి) కథనం. జకాత్ ఇచ్చేటప్పుడు "ఇది జకాత్" అని పుచ్చుకొనేవానికి చెప్పవలసిన అవసరం లేదు. ఇచ్చేవాని నియ్యత్ చాలు. పిల్లలకు ఈద్ బట్టలకని చెప్పి చేతిలో పెట్టినా జకాత్ చెల్లుతుంది.